సైట్ తీసేసే లేజర్: లాసిక్, స్మైల్, పీఆర్‌కేలలో ఏది ఎవరికి?

పది నిమిషాల్లో కళ్లజోడు పోతుందని బోర్డులు పెడతారు. లేజర్ పని నిజంగానే అంతసేపు. కానీ చూపు బాగా వస్తుందా రాదా అన్నది అంతకుముందే టెస్టుల గదిలో తేలిపోతుంది.

ముందు లెక్క. కార్నియాని, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శక పొరని, 6.5 మి.మీ. వెడల్పున చెక్కితే ఒక్కో పవర్‌కి సుమారు 14 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పోతాయి. మైనస్ 6కి 84. లాసిక్‌లో పైపొరను మూతలా లేపడానికి ఇంకో 110. కార్నియా 520 మైక్రాన్లుంటే అడుగున 326 మిగులుతుంది, ఢోకా లేదు. 480 ఉంటే 286. కనీసం 250 మిగిలితే చాలన్న పాత లెక్కలో ఇదీ పాసే. కానీ కదిలించిన 194 (84, 110 కలిపి) మొత్తం మందంలో 40 శాతం దాటింది. అలాంటి కార్నియా కొన్నేళ్లకి బలం తగ్గి ముందుకు ఉబ్బే ప్రమాదం ఎక్కువ. ఇక కార్నియా ఆకారం చూపే మ్యాప్‌లో కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) ఛాయ కనిపిస్తే, మందం ఎంతున్నా ఈ మూడూ వద్దు.

మ్యాప్ తీసే ముందు మెత్తటి కాంటాక్ట్ లెన్సులైతే వారం రెండు వారాలు, గట్టివైతే కనీసం మూడు వారాలు మానాలి. లెన్సు ఒత్తిడికి కార్నియా ఆకారం మారి రీడింగులు తప్పొస్తాయి. "నిన్నటిదాకా పెట్టుకున్నా పర్లేదు" అనే చోటు నుంచి లేచి వచ్చేయండి. కన్ను పొడిబారినా అంతే, కొలతలు తప్పుతాయి. ముందు దానికి మందు వాడాలి. పెళ్లి ముహూర్తానికి నెల ముందు పరిగెత్తేవాళ్లకి ఈ ఓపిక ఉండదు!

లాసిక్‌లో మర్నాటికే చూపొస్తుంది, కానీ లేపిన పొర మునుపటంత గట్టిగా అతుక్కోదు. కబడ్డీ, కరాటే ఆడేవాళ్లకి నప్పదు. స్మైల్‌లో ఆ మూత ఉండదు. 2 నుంచి 4 మి.మీ. కోతలోంచి సన్నటి పొర లాగేస్తారు. చూపు కుదురుకోవడానికి నాలుగు రోజులు ఎక్కువ పట్టొచ్చు. పీఆర్‌కేలో మూత లేపకుండా, కార్నియా మీది సన్నటి చర్మం లాంటి పొర తీసేసి నేరుగా లేజర్ కొడతారు. అందుకే మూడు నాలుగు రోజులు మంట, నీళ్లు కారడం తప్పవు. అయినా కార్నియా కాస్త పలచగా ఉన్నవాళ్లకి మా ఓటు దానికే. తర్వాత కొన్ని నెలలు ఎండలోకి కూలింగ్ గ్లాసెస్ లేకుండా వెళ్తే కార్నియా మీద మసక పట్టొచ్చు.

ఏది చేయించుకున్నా కళ్లు నలపొద్దు. డాక్టర్ చెప్పేదాకా తలస్నానం, కాటుక, ఈత వద్దు. స్టిరాయిడ్ చుక్కలు చెప్పిన లెక్కలోనే తగ్గించాలి. నలభై దాటాక చదవడానికి జోడు ఎలాగూ వస్తుంది. లేజర్‌కి ముందటి రీడింగుల కాగితం అడిగి తీసుకుని దాచుకోండి. రేపు శుక్లం ఆపరేషన్‌లో లెన్సు పవర్ లెక్కకి అది పనికొస్తుంది.