ఇంటర్‌కూలర్‌ను శుభ్రం చేయించడం మేలా, పెద్దది పెట్టించడం మేలా?

ఏప్రిల్ దాటగానే టర్బో డీజిల్ కారు నడిపేవారికి తేడా తెలిసిపోతుంది. జనవరి ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు మీద సునాయాసంగా వేగం అందుకున్న బండి, మే నెల మధ్యాహ్నం నలుగురు మనుషులతో, ఏసీ వేసుకుని వెళ్తుంటే బరువుగా కదులుతుంది. ఇందులో కొంత ఎండ ప్రభావమే, ఎందుకంటే వేడెక్కిన గాలి పలచబడుతుంది. మిగతాది చాలావరకు ఇంటర్‌కూలర్ ఏ స్థితిలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. టర్బో నొక్కి పంపడం వల్ల వేడెక్కిన గాలిని ఇంజిన్‌లోకి వెళ్ళేముందు చల్లబరిచే భాగమే ఇంటర్‌కూలర్. ఇక్కడ యజమాని ముందు మూడు దారులున్నాయి: ఉన్న ఇంటర్‌కూలర్‌ను లోపలా బయటా శుభ్రం చేయించి లీకులు సరిచేయించడం, కంపెనీ రకానిదే కొత్తది వేయించడం, లేదా బయట దొరికే పెద్ద ఇంటర్‌కూలర్‌ను అమర్చడం. ఇంజిన్ మ్యాప్ (డీజిల్, టర్బో పీడనం ఎంతుండాలో నిర్ణయించే కంప్యూటర్ సెట్టింగులు) మార్చకుండా నడుపుతున్న కారుకు మొదటి దారే మేలని నా నిశ్చితాభిప్రాయం.

ఒక చిన్న లెక్కతో ఇది స్పష్టమవుతుంది. బయట 40 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు టర్బో గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, ఆ గాలి సుమారు 138 డిగ్రీలకు వేడెక్కుతుంది. అంటే బయటి వేడికి దాదాపు 98 డిగ్రీలు అదనంగా చేరాయి. ఆ అదనపు వేడిలో 70 శాతాన్ని తీసేయగలిగే ఇంటర్‌కూలర్ ఇంజిన్‌కు సుమారు 70 డిగ్రీల గాలిని అందిస్తుంది. దుమ్ము పట్టి సగం వేడినే తీయగలిగే స్థితికి దిగజారితే ఆ గాలి 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. పెద్దది పెట్టి 80 శాతం వేడిని తీయగలిగితే 60 డిగ్రీలకు దిగుతుంది. ఒకే పీడనం వద్ద గాలి సాంద్రతను పోల్చి చూస్తే, 90 నుంచి 70కి దించడం వల్ల దాదాపు 6 శాతం ఎక్కువ గాలి లోపలికి వెళ్తుంది, 70 నుంచి 60కి దించడం వల్ల 3 శాతమే పెరుగుతుంది. మురికిపట్టినదాన్ని మునుపటి స్థితికి తేవడంలోనే లాభం ఎక్కువ, ఖర్చేమో చాలావరకు పనివారి కూలితోనే సరిపోతుంది.

మన హైదరాబాద్‌లో బయటి మురికిని తేలిగ్గా తీసుకోకూడదు. కోకాపేట, నార్సింగి వైపు నిర్మాణాల దుమ్ము, వాన పడ్డాక లారీల చక్రాలు చిమ్మే బురద, రాత్రివేళ హైవే మీద తగిలే పురుగులు, అన్నీ బంపర్ వెనుక ఉన్న అల్యూమినియం రెక్కల మధ్య చేరి గట్టిపడతాయి. చాలా కార్లలో ఇంటర్‌కూలర్ బంపర్ కింది భాగంలోనో, రేడియేటర్‌కు, ఏసీ కండెన్సర్‌కు ముందో ఉంటుంది కనుక బంపర్ విప్పితే గానీ దాని అసలు స్థితి కనబడదు. ప్రెషర్ వాషర్‌తో దగ్గర నుంచి కొడితే రెక్కలు వంగి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. మెత్తని బ్రష్‌తో పొడి దుమ్ము దులిపి, తేలికపాటి సబ్బు నీటిలో నాననిచ్చి, ఇంజిన్ వైపు నుంచి ముందుకు, అంటే మురికి వచ్చిన దారిలోనే వెనక్కి వెళ్ళేలా, తక్కువ పీడనంతో నీళ్ళు పట్టాలి. చివరి కడుగుడుకు బోరు నీళ్ళ కన్నా నల్లా నీళ్ళు మంచివి, ఎందుకంటే బోరు నీటి ఉప్పు తెల్లని పొరగా రెక్కల మీద మిగిలిపోతుంది. యాసిడ్, కాస్టిక్ సోడా కలిసిన క్లీనర్లు అల్యూమినియాన్ని తినేస్తాయి కాబట్టి వాటిని దగ్గరికి రానివ్వకూడదు.

లోపలి మురికి కథ వేరు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది గది) నుంచి వచ్చే ఆవిరితో పాటు కొంత ఇంజిన్ ఆయిల్ టర్బో ద్వారా ఇంటర్‌కూలర్‌లోకి చేరుతుంది. పైపు విప్పినప్పుడు లోపల పలుచని ఆయిల్ తడి కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అయితే వంచినప్పుడు ఆయిల్ ధారగా కారితే, దాన్ని కడిగేసి ఊరుకోవడం తప్పు: టర్బో సీలు అరిగిందా, క్రాంక్‌కేస్ గాలి దారి మూసుకుపోయిందా, ఆయిల్ గుర్తు దాటి పోశారా అన్నది ముందు తేలాలి. అడుగున పోగైన ఆయిల్‌ను ఇంజిన్ ఒక్కసారిగా పీల్చుకుంటే, డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా మండించుకుని, తాళం తీసేసినా ఆగకుండా పరుగెత్తి పాడైపోయే ప్రమాదం ఉంది. సాధారణంగా ఈజీఆర్ పొగ, అంటే ఎగ్జాస్ట్ నుంచి తిరిగి ఇంజిన్‌లోకి మళ్ళించే పొగ, ఇంటర్‌కూలర్ దాటాకే గాలిలో కలుస్తుంది కనుక లోపల మసి తక్కువ. తక్కువ పీడన ఈజీఆర్ ఉన్న కొన్ని బీఎస్-6 కార్లలో మాత్రం ఆ పొగ ఇంటర్‌కూలర్ గుండానే వెళ్తుంది, ఆయిల్‌తో కలిసి జిగటగా పేరుకుంటుంది.

లోపల కడగాలంటే ఇంటర్‌కూలర్‌ను కారు నుంచి పూర్తిగా విప్పి, కిరోసిన్ గానీ ఆయిల్ కరిగించే క్లీనర్ గానీ పోసి ఊపి, మురికి రంగు పోయేదాకా పారబోసి, తర్వాత వేడి సబ్బు నీటితో కడిగి, తేలికపాటి గాలితో ఊది పూర్తిగా ఆరబెట్టాలి. పెట్రోల్ ఆవిరి నిప్పంటుకునే గుణం వల్ల దాన్ని వాడనివ్వకండి. కిరోసిన్ తడి లోపల మిగిలిపోయినా అదీ ఇంధనమే అవుతుంది కాబట్టి, ఆరబెట్టడంలో తొందరపెట్టే షెడ్డుకు ఈ పని అప్పగించకపోవడమే మంచిది. మన ఎండలో ఒక పూట ఉంచితే సరిపోతుంది.

విప్పినప్పుడే లీకు పరీక్ష చేయించాలి. ఒక మూతి బిగించి, రెండో మూతి నుంచి టర్బో పనిచేసే పీడనానికి సమానంగా గాలి పట్టి, నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగలే చెబుతాయి. చివర్లలోని ప్లాస్టిక్ ట్యాంకులు అల్యూమినియం కోర్‌కు, అంటే రెక్కలున్న మధ్య భాగానికి, కలిసే అంచుల దగ్గరే ఎక్కువగా లీకు కనబడుతుంది. నల్లపొగ, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, స్కానర్‌లో టర్బో పీడనం తక్కువని చెప్పే పీ0299 కోడ్, పైపు కీళ్ళ దగ్గర ఆయిల్ తడి, ఇవన్నీ తరచూ చీలిన హోస్ పైపు వల్లో, వదులైన క్లాంపు వల్లో వస్తాయి. అలాంటి బండికి ఎంత పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టినా పికప్ రాదు. హోస్ మార్చేటప్పుడు లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నదాన్ని అడగండి, ఎందుకంటే మామూలు సిలికాన్ పైపు ఆయిల్‌కు నానిపోతుంది.

ఇక పెద్ద ఇంటర్‌కూలర్ సంగతి. డీజిల్ ఇంజిన్ బలాన్ని ముఖ్యంగా నిర్ణయించేది కంప్యూటర్ ఎంత డీజిల్ చిమ్మనిస్తుందన్నదే. కంపెనీ మ్యాప్‌లో ఆ హద్దు మారనంతవరకు అదనంగా వచ్చిన చల్లని గాలి పొగను, ఎగ్జాస్ట్ వేడిని కొంత తగ్గిస్తుంది, అంతకు మించి గుర్రపు శక్తిని పెంచదు. పైగా పెద్ద కోర్‌ను, పొడవైన పైపులను గాలితో నింపాలి కాబట్టి టర్బో స్పందన మందగించవచ్చు. పంజాగుట్ట, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఎదురుగాలీ ఉండదు, టర్బో పీడనమూ అంతగా పెరగదు, కనుక అక్కడ దానితో ప్రయోజనం లేదు. అన్నిటికన్నా నన్ను ఆపేది ఏసీ: కండెన్సర్‌కు అడ్డంగా మందపాటి కోర్ నిలబెడితే మే నెలలో ఏసీ చల్లదనమూ, రేడియేటర్ పనీ రెండూ దెబ్బతింటాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను కట్టడి చేస్తుందన్న సంగతి, వారంటీ విషయం కూడా పని మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి.

అయినా పెద్దది తగిన సందర్భం ఒకటుంది. రీమ్యాప్ చేయించి, నిండు బరువుతో నల్లమల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కే బండికి నిరంతరం ఎక్కువ పీడనం పడుతుంది. అలాంటప్పుడు మందపాటి కడ్డీలు, పలకలతో కట్టిన బార్ అండ్ ప్లేట్ రకం దృఢంగా ఉండి, హఠాత్తుగా పెరిగే వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది, కానీ బరువెక్కువ, వెనక్కి గాలిని తక్కువగా వదులుతుంది. రేడియేటర్‌కు ఊపిరాడాలంటే పలుచని గొట్టాలు, రెక్కలతో ఉండే ట్యూబ్ అండ్ ఫిన్ రకమే నయం. కంపెనీ రకం కొత్తది కొనడమన్నది కోర్ చిల్లుపడినప్పుడు, రెక్కలు చాలాభాగం నలిగినప్పుడు, లేదా టర్బో పగిలి లోహపు ముక్కలు లోపలికి చేరినప్పుడు తప్పనిసరి. ఆ ముక్కలు ఎంత కడిగినా పూర్తిగా రావు, ఒక్కటి కదిలినా ఇంజిన్‌కు చేటు.

డబ్బు పెట్టేముందు కొలవడం సులభం. కారు కంప్యూటర్‌లోని అంకెలను చదివే ఓబీడీ పరికరంతో ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి వేడిని చూడండి. కొన్ని కార్లలో కనిపించే అంకె టర్బోకు ముందున్న గాలి మీటరుది, దాన్ని చూసి మోసపోకూడదు. ఎండలో, పూర్తి టర్బో పీడనంతో పొడవైన ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ వేడి బయటి వేడికన్నా 30 డిగ్రీలకు మించకపోతే పెద్దదానితో పనిలేదు. 45, 50 డిగ్రీలు దాటితే ముందు బంపర్ విప్పించి కడిగించండి, లీకు పరీక్ష చేయించండి, అదే దారిలో, అదే వేళకు మళ్ళీ కొలవండి. అప్పటికీ అంకె దిగకపోతేనే కొత్త ఇంటర్‌కూలర్ ధర కనుక్కోవాలి.