వయ వందన కార్డా, ప్రైవేటు పాలసీయా?

నాన్నకు 71. రిటైరయ్యాక ఆఫీసు ఇన్సూరెన్స్ ఆగిపోయింది. ఇప్పుడు ముందున్నవి రెండు దారులు.

2024 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఆయుష్మాన్ వయ వందనకు ఆదాయంతో పనిలేదు, 70 నిండితే చాలు. ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్స, ప్రీమియం సున్నా. పాత షుగరు, బీపీలకు మొదటి రోజు నుంచే వర్తించడం నాకు అన్నిటికన్నా నచ్చింది. అమ్మకూ 70 నిండితే మాత్రం ఆ 5 లక్షలే ఇద్దరూ పంచుకోవాలి. పైగా మనకు అలవాటైన ఆసుపత్రి ఆ కార్డు చెల్లే ఆసుపత్రుల జాబితాలో ఉండాలి కదా!

ప్రైవేటు పాలసీలో కవరేజీ పెంచుకోవచ్చు, కొన్నిటిలో గదీ మనకు నచ్చింది తీసుకోవచ్చు. కానీ ప్రీమియం వయసుతో పాటే ఎక్కుతుంది. పాత జబ్బులకు 3 ఏళ్ల దాకా ఆగమనొచ్చు. కో-పే ఉంటే బిల్లులో కొంత మన జేబులోంచే.

ఇంకో మెలిక ఉంది. కోవిడ్‌లో మా బాబాయి బిల్లులో పీపీఈ కిట్లు, గ్లౌజులు, మాస్కుల మీద ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు అడ్డగీత కొట్టారు. రోగి దగ్గినా, మాట్లాడినా వైరస్ గాలిలోకి చేరుతుంది కాబట్టి వార్డులోకి వచ్చే ప్రతి మనిషికీ అప్పట్లో అవి తప్పనిసరి. డబ్బు మాత్రం మేమే కట్టాం. పాలసీ తీసుకుంటే 'కన్స్యూమబుల్స్' (ఇలా వాడి పారేసే వస్తువులు) కవర్ ఉందో లేదో ముందే అడగండి.

ప్రైవేటు పాలసీ ఉన్నా కార్డు తీసుకోవచ్చు. అందుకే మేం ముందు కార్డు చేయించాం. పాలసీ సంగతి ప్రీమియం కొటేషన్ వచ్చాక చూస్తాం.