గోడకు తగిలించే 5 యూనిట్ల లిథియం బ్యాటరీ: కొనాలా, వద్దా?

సోలార్ పలకలు, బ్యాటరీ, కరెంటు లైను మూడింటినీ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ అడిగితే చాలు, డీలర్లు ఇప్పుడు జతగా చూపించేది దీన్నే. 51.2 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. పైన పేరు ఏదున్నా లోపల ఉండేది దాదాపు ఒకటే: 3.2 వోల్టుల సెల్స్ 16 వరసగా, వాటికి కాపలాగా బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) బోర్డు. కాగితం మీద 5.12 యూనిట్లు. అడుగున వదిలేయాల్సిన 10 శాతం, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చడంలో ఇన్వర్టర్ దగ్గర పోయేది తీసేస్తే ఇంటికి చేరేది నాలుగు యూనిట్ల పైచిలుకు, అంతే.

ఆ నాలుగూ ఎలా ఖర్చవుతాయో చూడండి. తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు, పది గంటలకు 1.2 యూనిట్లు. ఫ్రిజ్‌కి అర యూనిట్. లైట్లు, టీవీ, వైఫైకి ఇంకో అర. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా 50 వాట్ల దాకా లాగుతుంది, రాత్రికి అదో అర యూనిట్. దీన్ని కొటేషన్‌లో ఎవరూ రాయరు. మిగిలేది ఒకటిన్నర. టన్నున్నర ఏసీకి అది రెండు గంటల మాట. తెల్లవార్లూ ఏసీ నడుస్తుందంటే నమ్మకండి.

అయినా పాత ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ లెడ్ బ్యాటరీల కంటే ఇదే నయం. 12 వోల్టుల 150 ఏహెచ్‌వి నాలుగు పెడితే 7.2 యూనిట్లు అంటారు గానీ, రోజూ సగానికి మించి దించితే ఆయుష్షు కరిగిపోతుంది. పైగా లెడ్ బ్యాటరీకి చివరి 20 శాతం ఎక్కడానికే గంటలు పడుతుంది. మబ్బు పట్టిన రోజున నిండదు, నిండకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. లిథియం మాత్రం మిగులు ఎండ రెండున్నర కిలోవాట్లు దొరికితే రెండు గంటల్లో నిండుతుంది. డిస్టిల్డ్ వాటర్ గొడవ లేదు.

చెడేది ఎక్కువగా బిగింపులోనే. 5 కిలోవాట్ల లోడ్ పడితే బ్యాటరీ వైర్లో వంద ఆంపియర్లు దాటుతాయి. 35 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్, హైడ్రాలిక్ క్రింపింగ్ చేసిన (యంత్రంతో గట్టిగా నొక్కి బిగించిన) లగ్గులు, అంటే కేబుల్ చివరి లోహపు కొసలు, బ్యాటరీ దగ్గరే డీసీ ఫ్యూజు తప్పనిసరి. ఇంటి కరెంటు (ఆల్టర్నేటింగ్ కరెంటు) లైన్లకు వాడే ఎంసీబీ బ్రేకర్‌ను ఇక్కడ పెట్టనివ్వొద్దు, బ్యాటరీ డీసీ కరెంటు తెగేటప్పుడు లేచే మంటను (ఆర్క్) అది ఆర్పలేదు. లోడ్ మీద అరగంట నడిపాక లగ్గు దగ్గర ఇన్సులేషన్ మెత్తబడినా, వాసన వచ్చినా క్రింపింగ్ సరిగా పడలేదన్నమాట.

బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య ఉండే కమ్యూనికేషన్ కేబుల్ ఇంకో తలనొప్పి. రెండు వైపులా సాకెట్ ఒకేలా ఉంటుంది, పిన్నుల వరస మాత్రం తరచుగా కలవదు. అది పనిచేయనప్పుడు ఇన్వర్టర్ పాత లెడ్ సెట్టింగుల్లోనే ఉండిపోయి ఈక్వలైజేషన్ (లెడ్ బ్యాటరీలను సమం చేసే అదనపు చార్జింగ్) పేరుతో వోల్టేజీ పెంచుతుంది. 58.4 వోల్టులు దాటితే బీఎంఎస్ బ్యాటరీ కనెక్షన్ తెంచేస్తుంది, ఇల్లంతా చీకటి. కేబుల్ కుదరకపోతే చార్జింగ్ 56.5, ఫ్లోట్ (నిండాక పట్టి ఉంచేది) 54, కటాఫ్ (వాడకం ఆపేసేది) 48 వోల్టుల దగ్గర చేత్తో పెట్టించి ఈక్వలైజేషన్ ఆపేయండి.

స్క్రీన్ మీద 35 శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోతే కంగారు పడకండి. ఈ రకం సెల్స్‌లో వోల్టేజీ మధ్యలో దాదాపు కదలదు, అందుకని బీఎంఎస్ వచ్చిపోయే కరెంటును లెక్కపెట్టుకుంటుంది. చాన్నాళ్లు నిండా ఎక్కకపోతే ఆ లెక్క తప్పుతుంది. వారానికోసారి 100 శాతం ఎక్కించి కాసేపు అలాగే ఉంచితే సరిపోతుంది.

రేకుల షెడ్డులోనో, పడమటి గోడకో బిగించడం మాత్రం దండగ. రామగుండం, రెంటచింతల ఎండలకు పెట్టె లోపలి వేడి పరిమితి దాటితే బీఎంఎస్ చార్జింగే ఆపేస్తుంది, అదీ ఎండ బాగా కాసే వేళకే. ఆగకపోయినా సెల్స్ త్వరగా ముసలివవుతాయి. మెట్ల కింద, గాలి ఆడే చోట పెట్టించండి.

గ్రిడ్‌కి ఇచ్చిన కరెంటును కూడా లెక్కించే నెట్ మీటర్ ఉండి, కరెంటు అరుదుగా పోయే ఇంటికి ఇది అక్కర్లేదు. పగలు గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్లు బిల్లులో తగ్గుతూనే ఉంటాయి. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ పలకల కెపాసిటీని బట్టి వచ్చేదే, బ్యాటరీ పెట్టారని పెరగదు. రోజూ గంటల తరబడి కోతలుండే చోట కొనొచ్చు. అయితే బ్యాటరీ లేకుండా గ్రిడ్‌తోనే నడిచే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ముందు దాన్ని మార్చాలి, లేదా బ్యాటరీకి వేరే ఇన్వర్టర్ జతచేయాలి. గ్రిడ్ పోగానే లైన్‌మన్ భద్రత కోసం ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, నడినెత్తిన ఎండున్నా సరే.

తర్వాత రెండో బ్యాటరీ జోడించాలనుకుంటే అదే మోడల్ తీసుకుని, రెండింటినీ విడివిడిగా నిండా చార్జ్ చేశాకే కలపండి, కేబుళ్లు సమాన పొడవులో ఉండాలి. లేకపోతే నిండుగా ఉన్నదాని నుంచి ఖాళీగా ఉన్నదానిలోకి కరెంటు ఒక్కసారిగా దూకి, బీఎంఎస్ ట్రిప్ అవుతుంది.