పచ్చ లైటు వెలుగుతూనే ఉంది: బ్యాటరీ ఎయిర్ పంపుతో మూడేళ్ళు

కరెంటు పోయినప్పుడు చేపల తొట్టెలోకి గాలి కొట్టే ఈ పంపుని అందరూ వాట్లలో, లీటర్లలో కొలుస్తారు. నేను సీఎల్‌లలో, అంటే క్యాజువల్ లీవుల్లో కొలుస్తాను. మా టీచర్లకి ఏడాదికి 15 మామూలు సీఎల్‌లు, మరో 7 స్పెషల్. 2021లో వాటిలో ఆరింటిని చేపల తొట్టె మింగేసింది. సెలవు చీటీ మీద "సొంత పని" అనే రాసేవాణ్ణి గానీ స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. ఆరో చీటీ మీద సంతకం పెడుతూ మా హెడ్మాష్టారు తలెత్తకుండానే అడిగారు: "ఈసారి ఎవరికండీ ఒంట్లో బాగులేదు? నల్లదానికా, ఎర్రదానికా?"

ఇల్లు విజయనగరంలో, బడి చీపురుపల్లి అవతల. పొద్దున్న బయటపడితే మళ్ళీ సాయంత్రం ఆరుకి గానీ గుమ్మం ఎక్కను. తొట్టె రెండున్నర అడుగులు, నూరు లీటర్ల పైచిలుకు నీళ్ళు. అందులో తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు, మూడు గౌరామీలు. అన్ని గోల్డ్ ఫిష్‌లు ఎక్కువేనని నాకూ తెలుసు. సగం మా అబ్బాయి పుట్టినరోజులకి వచ్చినవి. వెనక్కి ఇవ్వలేం కదా.

2021 సెప్టెంబరు 26, ఆదివారం రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మా వీధికి కరెంటు రావడానికి రోజున్నర పట్టింది. రాగానే సంబరపడి ఫిల్టరు స్విచ్చి వేసేశాను. స్పాంజి కడగకుండా వెయ్యకూడదని అప్పటికి తెలీదు. రోజున్నరగా లోపల మురిగిన నీళ్ళన్నీ ఒక్కసారిగా తొట్టెలోకి కక్కింది. రెండు సీఎల్‌లు ఆ నీళ్ళు తోడి పోయడానికే అయిపోయాయి.

2022 ఎండాకాలంలో ఈ పంపు కొన్నాను. పేరు చెప్పి లాభం లేదు, ఇదే డబ్బా ఆన్‌లైన్‌లో నాలుగు పేర్లతో దొరుకుతుంది. నేను పడిపోయింది దాని ఒక్క గుణానికే. ఛార్జరు ప్లగ్గులో ఉన్నంతసేపు పచ్చ లైటు వేసుకుని పడుకుంటుంది. కరెంటు పోయిన మరుక్షణం ఎవరూ లేపకుండానే లేచి గాలి కొడుతుంది.

ఆ ఏడాది పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మా వీధిలో మధ్యాహ్నమే కరెంటు తీసేశారు. అంతకుముందైతే జనంలో నిలబడినా ప్రాణమంతా తొట్టె దగ్గరే ఉండేది. ఆరోజు మాత్రం మూడు లాంతర్ల సెంటర్లో అబ్బాయిని భుజం మీద ఎక్కించుకుని, సిరిమాను కోట దాకా మూడుసార్లు వెళ్ళి వచ్చేదాకా కదల్లేదు. ఇంటికొచ్చేసరికి చీకట్లో బుడబుడమని బుడగలు. పైడితల్లమ్మకి పెట్టిన దండంలో కొంత వాటా ఈ డబ్బాకీ వెళ్ళిందంటే అతిశయోక్తి కాదు. "రాత్రంతా ఆడుతుంది, చప్పుడే ఉండదు" అని మర్నాడు స్టాఫ్ రూములో నేను చెప్పింది విని ముగ్గురు కొన్నారు.

ఇక 2024 జూలై సంగతి. అంతకు నెల ముందే ఇన్వర్టరు పెట్టించాం. ఎలక్ట్రీషియన్ హాల్లో ఫ్యాను, ట్యూబులైటు, ఒక ప్లగ్గు ఇన్వర్టర్ లైనుకి కలిపి వెళ్ళాడు. ఆ ఒక్క ప్లగ్గూ పంపు ఛార్జరుది. ఫిల్టరు మాత్రం ఇంకో గోడకున్న పాత లైనులోనే ఉండిపోయింది. ఇది నాకు తట్టలేదు. నేను బళ్ళో చెప్పేది భౌతికశాస్త్రం, విద్యుత్ వలయాలతో సహా.

ఆరోజు ఇంటర్వెల్‌లో ఫోను చూస్తే అమ్మ నుంచి అయిదు మిస్డ్ కాల్స్.

"ఒరే, నీ చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయిరా. ఏటి సెయ్యమంటావు?"

"కరెంటుందా అమ్మా?"

"ఫేను తిరుగుతోంది కదరా."

"పంపు మీద లైటు?"

"పచ్చగా ఎలుగుతోంది."

కరెంటుంది, పంపు బాగుంది, అయితే ఇది జబ్బే అని తేల్చేశాను. రెండు చెంచాల ఉప్పు వెయ్యమన్నాను. అవతల కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఉప్పేస్తే ఊపిరాడుతుందేటిరా? మా నాన్న చెరువులో చేపలు తేలితే నీళ్ళు కొట్టించీవాడు" అని ఫోను పెట్టేసింది.

పూట సెలవు పెట్టి బస్సెక్కాను. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి హాల్లో ఫ్యాను హాయిగా తిరుగుతోంది. దాని కింద స్టూలు మీద అమ్మ. చేతిలో దేవుడి గదిలోని ఇత్తడి చెంబు. తొట్టెలోంచి చెంబుడు ముంచడం, జానెడు ఎత్తు నుంచి సన్నని ధారగా మళ్ళీ అందులోనే పోయడం. పెదాలు మాత్రం కదులుతున్నాయి. చెంబుల లెక్కో, సహస్రనామమో అడగలేదు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయాయి. రెండు గంటల పైనే అయిందట మొదలుపెట్టి.

ఫిల్టరు మీద చెయ్యి పెట్టాను. కదలిక లేదు. పచ్చ లైటు కేసి చూశాను, ఫ్యాను కేసి చూశాను, అప్పుడు వెలిగింది బుర్ర. ఛార్జరు ప్లగ్గు పీకగానే పంపు బుర్రుమంది. దానికి తెలిసిందల్లా తన ప్లగ్గు సంగతే. అందులో ఇన్వర్టర్ కరెంటు నిక్షేపంగా ఉంది. వీధిలో లైను పోయి అప్పటికి అయిదు గంటలు. 30 డిగ్రీల నీళ్ళలో లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ గానీ కరగదు, అదే 20 డిగ్రీలైతే తొమ్మిది దాకా పడుతుంది. అంత వేడినీళ్ళలో తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు అయిదు గంటలు ఉండటమంటే మాటలు కాదు.

నాలుగు పోయాయి. మిగతా అయిదూ అమ్మ చెంబు ధార కింద గుంపుగా నిలబడ్డాయి. గౌరామీలకి పైగాలి పీల్చుకునే ఏర్పాటు ఒంట్లోనే ఉంటుంది. ఈ గొడవతో తమకేం సంబంధం లేనట్టు ఓ మూల తిరుగుతున్నాయి.

ఈసారి స్పాంజిని తొట్టె నీళ్ళలోనే పిండి, ఆ తర్వాతే ఫిల్టరు వేశాను. రెండు రోజులు మేత మానేశాను. అయినా పొద్దున్న నీళ్ళలో అమ్మోనియా ఉందేమో చూసే చుక్కలు వేస్తే పసుపచ్చగా ఉండాల్సింది ఆకుపచ్చకి తిరిగింది. మూడోవంతు నీళ్ళు తీసి కొత్తవి పోశాను. ఇంకో సీఎల్. సెలవులు మిగిల్చే పంపు అని ఊరంతా చెప్పుకున్నాను, అది ఒక్క వారంలో ఒకటిన్నర సెలవు పట్టుకుపోయింది. డబ్బాలో వచ్చిన కాగితంలో ఇన్వర్టరు మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇన్వర్టర్ లేని ఇల్లుందా ఇప్పుడు మన ఊళ్ళల్లో?

స్టాఫ్ రూములో చెప్పిన మరికొన్ని కూడా సర్దుకోవాలి. "రాత్రంతా ఆడుతుంది" అన్నాను. అది మొదటి ఏడాది, గాలిని బుడగలుగా చేసే రాయి ఒక్కటే పెట్టి, ఆగి ఆగి కొట్టే సెట్టింగులో పెడితేనే. ఇప్పుడు గట్టిగా నాలుగు గంటలు. "చప్పుడే ఉండదు" అని కూడా అన్నానట, నా మాట విని కొన్న లెక్కల మాష్టారు గుర్తుచేశారు. కరెంటు పోయి ఇల్లంతా నిశ్శబ్దమయ్యాక అది చెవిలో జోరీగే. ఆయన ఇంట్లో అయితే పంపుని తొట్టె కంటే కింద, టీవీ బల్ల మీద పెట్టారు. అది ఆగినప్పుడు గొట్టంలోంచి నీళ్ళు వెనక్కి దిగి సెట్‌టాప్ బాక్సు పోయింది. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు ముక్క విడిగా కొనుక్కోవాలని నేను చెప్పలేదంటారు. చెప్పాననే నా గుర్తు.

మళ్ళీ కొంటానా అంటే, బహుశా కొంటాను. ఈ ఏడాది ఇప్పటిదాకా చేపల పద్దు కింద పోయింది ఒక్క పూటే. కానీ ఇంట్లో రోజంతా ఓ మనిషి ఉన్నవాడిగా చెబుతున్న మాట ఇది. ఇద్దరూ ఉద్యోగాలకి పోయి తాళం వేసే ఇల్లయితే, అన్ని గోల్డ్ ఫిష్‌లు పెట్టి ఈ ఒక్క డబ్బాని నమ్ముకోమని నేననను.

ఇప్పుడు ఛార్జరు, ఫిల్టరు రెండూ పాత లైనులో ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉన్నాయి. దాని మీద మా అబ్బాయి స్కెచ్ పెన్నుతో "తియ్యరాదు" అని రాశాడు. ఇత్తడి చెంబుని మాత్రం తొట్టె పక్క నుంచి అమ్మ కదపనివ్వడం లేదు. దేవుడి గదిలోకి వేరేది కొనుక్కుంది.