కొరాపుట్ కాఫీ పొడి, వేళాపాళా లేని డ్యూటీలు: రెండేళ్లు వాడాక

రాయగడలో గూడ్స్ బండ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్‌ని. రెండేళ్లుగా ఇంట్లో కొరాపుట్ అరబికా పొడే, చికోరీ కలపనిది. వాసన బావుంటుంది, చేదు తక్కువ, చికోరీ కాఫీకి అలవాటుపడ్డ నోటికి పల్చగా తగులుతుంది. ఆ పల్చదనం చూసే మోసపోయాను. అరబికాలో కెఫీన్, రోబస్టా అనే ఇంకో రకం కాఫీలో ఉండేదాంట్లో సగమే, నిజమే, కానీ చికోరీలో అసలు ఉండదు కాబట్టి సగం చికోరీ ఉన్న పొడి కంటే ఇది తేలికేం కాదు.

రాత్రి ఒంటిగంటకి డ్యూటీకి రమ్మని కాల్ వస్తే మూడింటికి సైన్ ఆన్, అంటే డ్యూటీ ఎక్కడం. మొదటి ఏడాది ఫ్లాస్కు నిండా పోసుకెళ్లి, ఘాట్‌లో సొరంగాలు దాటుతున్నంతసేపూ గంటకో కప్పు తాగేవాణ్ణి. మెలకువకి ఢోకా లేదు. ఇంటికొచ్చి కిటికీకి దుప్పటి కట్టి పడుకున్నాకే తంటా, ఒళ్లు బస్తాలా పడుంటుంది గానీ కన్ను మూతపడదు. నిద్రమత్తు తెచ్చే అడెనోసిన్‌కి కెఫీన్ అడ్డం పడుతుంది, తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు. 2013లో అమెరికాలో చేసిన పరీక్షలో, పడుకోబోయే 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గింది.

చిరాకు సంగతి వేరే చెప్పాలి. ఓ మధ్యాహ్నం పిల్లాడు వాకిట్లో సైకిల్ బెల్లు కొడుతుంటే లేచెళ్లి పీకి దొడ్లోకి విసిరేశాను. మా ఆవిడ దాన్ని వెతికి తెచ్చి, మట్టి తుడిచి, నా మంచం పక్కన పెట్టి "ఏటండీ ఇది" అంది, అంతే.

'పడుకునే ముందు 6 గంటలు మానెయ్' అని అందరూ చెబుతారు. టికిరి స్టేషన్లో వేరే బండ్లకి దారిచ్చే పక్క పట్టా మీద, అదే లూప్ లైన్లో, నిలబెట్టేస్తే పడుకునేది ఎప్పుడో ఎవడికి తెలుసు? అందుకే లెక్క తిరగేశాను. సైన్ ఆన్ అయిన రెండు గంటల్లోపు రెండు చిన్న కప్పులు, తర్వాత మంచినీళ్లే. ఆవలింతలొస్తే లేచి నిలబడి ఎదురొచ్చే సిగ్నల్ ఏ రంగులో ఉందో పైలట్‌కి వినబడేలా పైకి చెప్పడం మా పని, దాన్నే ఇంకాస్త గట్టిగా అరుస్తాను, మా పైలట్ గారు నవ్వుతారు. పగటి నిద్ర మూడు గంటల నుంచి ఐదుకి వచ్చింది, నాకైతే అదే పండగ.

రెస్టు రోజు పూర్తిగా మానేస్తే మాత్రం సాయంత్రానికి తల పగులుతుంది. అందుకని ఆ రోజు పొద్దున్నే ఒక్క కప్పు తాగుతున్నాను. పొడికి నాలుగు స్టార్లు. ఫ్లాస్కు అటకెక్కింది.