ఒకే చెంబు, నాలుగు ఆదివారాలు: నెల్లూరులో ఒక పెయింటింగ్ క్లాసు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక మిద్దె మీద నడిచే ఈ క్లాసుకు షరతు ఒక్కటే. ఇంట్లో రోజూ వాడే వస్తువు ఒకటి తెచ్చుకోవాలి, నాలుగు ఆదివారాలూ దాన్నే వేయాలి. వారానికి 3 గంటలు. ఫీజు 2,400 రూపాయలు, రంగులూ కాగితమూ అందులోనే. షోకేసు బొమ్మలు వద్దంటారు. మేం చూసిన బ్యాచ్‌లో బల్ల మీదికి వచ్చినవి: పేరు చెక్కించిన స్టీలు చెంబు, చేపల పులుసు సట్టి, ఉదయగిరి చెక్క గరిటె, అంచు విరిగిన మార్కాపురం పలక, ఇత్తడి కాఫీ ఫిల్టరు.

మొదటి వారం రంగు ముట్టనివ్వరు. కళ్లు మూసుకుని వస్తువును తడమాలి, చేతికి తగిలిన ప్రతి గుర్తునూ కాగితం మీద రాయాలి. సొట్ట ఎక్కడుంది, ఏ అంచు అరిగింది, పిడి ఎక్కడ నున్నబడింది. కుడిచేతివాళ్లు వాడిన గరిటె ఒక వైపు అరుగుతుంది, ఎడమచేతివాళ్లది రెండో వైపు. ఆ అరుగును ఉన్నదున్నట్టు వేస్తే ఆ ఇంటి వంటమనిషి చెయ్యి బొమ్మలోకి వచ్చేస్తుంది. జ్ఞాపకం కోసం గరిటె పక్కన అమ్మ ముఖమో పూలో వేస్తామంటే టీచరు ఒప్పుకోరు. ఈ పట్టుదల మాకు బాగా నచ్చింది.

ఆ తర్వాత పెన్సిలు. అందరూ తప్పేది ఇక్కడే. చెంబు మూతిని రెండు కొసలా మొనదేల్చి, అడుగును తిన్నటి గీతగా వేస్తారు. అడుగు చదునని బుర్రకు తెలుసు కాబట్టి చెయ్యి కూడా చదునుగానే గీస్తుంది. నిజానికి కంటికి దిగువన ఉన్న చెంబులో మూతి వలయం కన్నా అడుగు వలయమే ఎక్కువ విచ్చుకుని కనబడుతుంది, ఎందుకంటే అది కంటి మట్టానికి ఇంకా కింద ఉంది. ఇక్కడ నేర్పే పద్ధతి సరైనది: నడిమి నిలువు గీత వేసి, చెంబు గాజుదైనట్టు అడుగు వలయం మొత్తం గీసి, కుడి ఎడమలు పెన్సిలుతో కొలిచి, అప్పుడు వెనక సగం చెరిపేయడం. కొలిచేటప్పుడు చెయ్యి మోచేతి దగ్గర వంగకూడదు, వంగితే కొలత మారిపోతుంది.

రెండో వారం నుంచి యాక్రిలిక్ రంగులు. స్టీలు అంటే బూడిద రంగనుకుని వచ్చినవాళ్లకు ఈ వారం కళ్లు తెరుచుకుంటాయి. స్టీలు చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. పక్కన ఎర్ర తువ్వాలు ఉంటే చెంబు పొట్ట మీద ఎరుపు చార ఉండి తీరాలి. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ కలిపి, తెలుపుతో ముదురు నుంచి లేత దాకా 5 మెట్లు చేయిస్తారు. నీలం పెంచితే చల్లటి నీడ, గోధుమ పెంచితే వెచ్చటి నీడ. తెలుపు వేయని ఆ మిశ్రమమే పులుసు సట్టి మసికీ పనికొస్తుంది. ట్యూబులోని నలుపు నేరుగా పూస్తే అక్కడ కాగితానికి చిల్లు పడ్డట్టు ఉంటుంది. ఇత్తడికి ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, అంబర్. మెరుపులో ఒట్టి తెలుపు వేస్తే సున్నం కొట్టినట్టవుతుంది, అందులో కొంచెం నిమ్మపసుపు కలపాలి.

చెంబు మీద చుక్కలతో చెక్కించిన పేరును మాత్రం చివరి వారం దాకా ఆపిస్తారు. అది చాలా మంచి పని. వెలుగునీడలు కుదరకముందే అక్షరాలు వేస్తే అవి చెంబు మీద అంటించిన చీటీలా తేలిపోతాయి. వెలుతురు ఎడమ నుంచి వస్తుంటే, ప్రతి గుంటకూ ఎడమ గోడ నీడలోనూ కుడి గోడ వెలుగులోనూ ఉంటుంది. సన్నటి సున్నా నంబరు బ్రష్షుతో రెండు చిన్న చుక్కలు చాలు. వరస మాత్రం చెంబు వంపును బట్టి వంగాలి.

మూడో వారంలో ఒక అరగంట ప్రింట్లు చూపిస్తారు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో వేసిన గడ్డి అల్లిక కుర్చీ, దాని మీద పైపు, పొగాకు సంచి. మనిషి లేడు, ఎవరి కుర్చీయో తెలిసిపోతుంది. ఆ తర్వాత, అవే సీసాలూ గిన్నెలూ దశాబ్దాల పాటు వేసిన ఇటలీ చిత్రకారుడు మొరాండి. ఆ ప్రింట్లు చూశాక నాలుగు వారాలు ఎక్కువని ఎవరూ అనరు.

ఇక లోపాలు. ఇచ్చే కాగితం పలచన. తడి రంగు పడగానే ఉబ్బుతుంది, ఈశాన్య రుతుపవనాల తేమలో అయితే మరీ. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం సొంతంగా తీసుకెళ్లి నాలుగు అంచులూ టేపుతో అట్టకు అంటించడం మేలు. కిట్టులో తెలుపు ట్యూబు కూడా మిగతా రంగులంతే చిన్నది, రెండో వారానికే అయిపోతుంది. తలపైన ఫ్యాను తిరుగుతుంటే ఎండాకాలంలో రంగులు కలిపే పాలెట్ మీద రంగు నిమిషాల్లో తోలు కడుతుంది. టిఫిను డబ్బా మూతలో తడి టిష్యూ, దాని మీద బటర్ పేపరు పరిచి రంగులు పెట్టుకుంటే గంటల తరబడి మెత్తగా ఉంటాయి. ఈ చిట్కా అక్కడ ఎవరూ చెప్పలేదు.

ఇంతకన్నా పెద్ద లోపం వెలుతురు. కిటికీ వెలుగు ఉండగానే ట్యూబులైట్లు కూడా వేస్తారు, దాంతో ప్రతి వస్తువుకూ రెండు నీడలు. కిటికీ పక్క చోటు అడిగి, ఆ వైపు లైటు తీయించుకోండి. వారం వారం బల్ల ఖాళీ చేస్తారు కాబట్టి చెంబు పెట్టిన చోటు సుద్దముక్కతో గుర్తు పెట్టి, కూర్చున్న చోటి నుంచి ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. అంగుళం జరిగినా మెరుపులన్నీ మారిపోతాయి. 14 మందికి ఒకే టీచరు, ఒక్కొక్కరి దగ్గర నిలబడేది కొద్దిసేపే. ఎనిమిది మంది దాటని బ్యాచ్ ఉందేమో అడిగి చేరండి.

బొమ్మలు అసలు రానివాళ్లకూ ఈ ఫీజు దండగ కాదు. వచ్చేటప్పుడు వస్తువును పాత గుడ్డలో చుట్టి తెండి. తోమి మాత్రం తేవద్దు, సట్టి మసి సట్టికే ఉండనివ్వండి.