స్పితికి వెళ్ళండి, ప్యాకేజీలో మాత్రం వద్దు

ముందు డబ్బుల సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాదంతా రాస్తున్నంతసేపూ అదే గుర్తొస్తుంది. విమానం ఖర్చు కాకుండా చండీగఢ్ నుంచి చండీగఢ్ దాకా మనిషికి ₹38,500. నలుగురం: నేను, మా ఆవిడ, మా తోడల్లుడు, మరదలు. గుంటూరులో ఒక ట్రావెల్ ఏజెంటు కట్టిన ప్యాకేజీ. ఆ ఏజెంటు మా తోడల్లుడికి కాలేజీ స్నేహితుడు. దారంతా మేం నోరు మూసుకుని కూర్చోవాల్సి రావడానికి కారణం కూడా అదే.

స్పితి హిమాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఎత్తైన లోయ. వానమబ్బులు అటువైపు కొండలు దాటి రాలేవు కాబట్టి చెట్టూ చేమా తక్కువ. మనూళ్ళో హిమాలయాలంటే దేవదారు చెట్లు, పచ్చిక బయళ్ళు అనుకుంటారు. ఇక్కడ కనిపించేది మట్టి రంగు కొండలు, కింద సన్నగా నది, అక్కడక్కడా బఠాణీ చేలు. ఈ ఎడారి మధ్యలో వెయ్యేళ్ళ నాటి బౌద్ధ ఆరామాలున్నాయి. వాటి కోసమే వెళ్ళాం.

సిమ్లా, నార్కండ, కల్పా సాఫీగా గడిచాయి, చెప్పడానికేం లేదు. మనాలి వైపు నుంచి కాకుండా ఇటు కిన్నౌర్ మీదుగా వెళ్ళడమే మంచిది. మెల్లమెల్లగా ఎత్తుకు అలవాటు పడతాం. మనాలి నుంచి కుంజుమ్ కనుమ (4,551 మీటర్లు) ఎక్కి ఆ సాయంత్రానికే స్పితిలోని కాజా చేరినవాళ్ళలో చాలామంది మర్నాడంతా తలపట్టుకుని పడుకుంటారు. భారతీయులకి పర్మిట్ అక్కర్లేదు. అమెరికా పాస్‌పోర్టున్న కొడుకునో కోడలినో తీసుకెళ్తుంటే మాత్రం రెకాంగ్ పియోలో ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి, సరిహద్దుకి దగ్గర రోడ్డు కాబట్టి.

సుమ్‌దో దాటాక గ్యూ అనే ఊరికి పక్కదారి ఉంది. అక్కడ అద్దాల పెట్టెలో కూర్చున్న భంగిమలోనే ఒక బౌద్ధ సన్యాసి శరీరం ఉంది. సుమారు అయిదు వందల ఏళ్ళ నాటిదంటారు. 1975 భూకంపంలో స్తూపం పగిలినప్పుడు బయటపడిందట. పళ్ళు, జుట్టు ఇంకా కనిపిస్తాయి. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. ఇందుకోసం ఇంత లోపలికి రావడం దండగ కాదా అంటే, కాదనే అంటాను.

తాబో గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. బయటి నుంచి చూస్తే మట్టిగోడల గుంపు, అంతే. మా మరదలు కారు దిగగానే "బావగారూ, దీనికోసమా ఇంత దూరం?" అనేసింది. ఈ ఆరామాన్ని క్రీ.శ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గూగె రాజ్యాన్ని ఏలిన యేషే ఓ కట్టించాడు. నలభై ఆరేళ్ళ తర్వాత ఆ వంశం రాజే మరమ్మతు చేయించాడు. ఆనాటి నుంచి ఇక్కడ పూజ ఆగలేదు. ప్రధాన మందిరంలో కరెంటు వెలుతురు దాదాపు లేదు, ఫోటోలు తీయనివ్వరు. టార్చి తీసుకెళ్ళండి. సెల్‌ఫోన్ లైటు వేస్తే లామాలకి మీరు ఫోటో తీస్తున్నారేమోనని అనుమానం. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక గోడ మీద ఒక్కో ముఖం బయటికొస్తుంది. గోడకి సగం ఎత్తున, మేకులకి తగిలించినట్టు మట్టితో చేసిన దేవతామూర్తులు గాల్లో కూర్చుని ఉంటారు. వాళ్ళ వెనకా కిందా బుద్ధుడి కథలు, వేళ్ళ గోళ్ళు కూడా లెక్కపెట్టగలిగేంత సన్నటి గీతలతో. కాశ్మీరు చిత్రకారుల చెయ్యి పడిందంటారు. అజంతా చూసినవాళ్ళకి ఆ పోలిక వెంటనే తడుతుంది. అజంతాలో జనం తోసుకుంటారు, ఇక్కడ మేం కాక ఇద్దరున్నారు.

బయటికొచ్చాక ఎండలో కూర్చున్న ఒక పెద్ద లామా ఎక్కడి నుంచి అని హిందీలో అడిగారు. ఆంధ్రా అన్నాం. ఎక్కడ అన్నారు. గుంటూరు అంటే తెలియదు కదా అని "అమరావతి దగ్గర" అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు! 2006లో దలైలామా అమరావతిలో కాలచక్ర పూజ చేసినప్పుడు ఈ పెద్ద లామా కూడా వచ్చారట. టిబెటన్ సంప్రదాయంలో బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే, అంటే మన ధరణికోట, అమరావతి దగ్గరే. ఆయనకి అమరావతి మనకి కాశీ ఎలాగో అలా. అంతకు పదేళ్ళ ముందు, 1996లో, తాబో వెయ్యేళ్ళ పండక్కి దలైలామా ఇక్కడా కాలచక్ర చేశారు. అమరావతి స్తూపం ఇప్పుడెలా ఉంది, కృష్ణలో నీళ్ళున్నాయా, ఆ రోజుల్లో అరటిపండ్లు అమ్మిన ఆవిడ ఉందా, అన్నీ అడిగారు. మా తోడల్లుడికి ఊరు అక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్లే, పెద్దయ్యాక స్తూపం దగ్గరికి వెళ్ళనేలేదు. నీళ్ళు బాగానే ఉన్నాయని చెప్పాడు.

తాబోలో ఆరామం వాళ్ళ గెస్ట్‌హౌస్‌లోనే దిగాం. ప్యాకేజీలో ఆ రాత్రి "త్రీ స్టార్ లేదా తత్సమానం" అని ఉంది. గది ధర అడిగితే ₹900. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా అని చెప్పారు, ఆరింటికి వచ్చాయి. త్రీ స్టార్ కాకపోయినా మాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు కాజాలో మొదలైంది. స్పితికి ఇదే పట్నం: పెట్రోలు బంకు, ఏటీఎం, ఆసుపత్రి, బజారు అన్నీ ఇక్కడే. ఏజెంటు ఇచ్చిన కాగితంలో "వ్యాలీ వ్యూ డీలక్స్ రూమ్, 24 గంటలు వేడినీళ్ళు, రూమ్ హీటర్" అని ఉంది. గదికి రాత్రికి ₹5,200 లెక్కన వేశాడు. కిటికీ తెరిస్తే ఎదురుగా సగం కట్టిన గోడ, సిమెంటు బస్తాలు. గీజరు ఉంది, కరెంటు లేదు. కరెంటు వచ్చాక నీళ్ళు లేవు. కుర్రాడిని అడిగితే కింద వంటింట్లో కాచి బకెట్ తెస్తానన్నాడు, బకెట్‌కి ₹60. హీటర్ కావాలంటే రాత్రికి ₹500 విడిగా. మెనూలో మసాలా దోసె కూడా ఉంది, ₹220. మరదలు ఆశగా చెప్పింది. వచ్చిన దాన్ని చూసి ఆవిడ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి మేం రిసెప్షన్ దగ్గర బకెట్ కోసం నిలబడి ఉండగా, మోటార్‌సైకిళ్ళ మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. బుకింగ్ లేదు. "రూమ్ ఎంత?" అన్నారు. మేనేజరు మా ముఖాలు చూసి కూడా తడుముకోకుండా "రెండు వేలు" అన్నాడు. బేరమాడితే ₹1,800కి ఒప్పుకున్నాడు, హీటరు కలిపి. మా పక్క గదే. అదే సిమెంటు బస్తాల వ్యూ.

మేనేజరుని అడిగితే "మీ ఏజెంటు మాకెంత ఇచ్చాడో మీకు తెలుసా?" అని ఎదురు అడిగాడు. నిజమే, మాకు తెలియదు. గుంటూరు ఫోన్ చేస్తే ఏజెంటు, "సార్, హిల్ ఏరియాల్లో ఇలాగే ఉంటుంది, కాస్త అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉంది. మా తోడల్లుడు కిటికీలోంచి సిమెంటు బస్తాలు చూస్తూ నిలబడ్డాడు. మా ఆవిడ నా కాలు తొక్కింది. అంతటితో ఆపేశాను. కానీ మర్నాడు పొద్దున ఈ గొడవ తేలేసరికి పదకొండు దాటింది. పిన్ లోయ ప్రయాణం ఎగిరిపోయింది. మంచు చిరుతల నేషనల్ పార్కు ఉన్న లోయ అది. చిరుత కనబడుతుందని కాదు, సెప్టెంబరులో కనబడదు కూడా, కానీ వెళ్దామనుకున్న చోటు.

ఆ పూటే హోటల్ వదిలేద్దామని నిర్ణయించింది మా ఆవిడ. మిగిలిన రాత్రి డబ్బులు పోతే పోనీ అంది. మా డ్రైవరు మండి వైపు మనిషి, మొదట్నుంచీ "సాబ్, ఊళ్ళల్లో ఉండండి" అంటూనే ఉన్నాడు. లాంగ్జాలో తనకి తెలిసిన ఇంటికి తీసుకెళ్ళాడు.

లాంగ్జా దాదాపు 4,400 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరి చివర కొండ అంచున పెద్ద బుద్ధ విగ్రహం, వెనక ఆరువేల మీటర్లు దాటిన చౌ చౌ కాంగ్ నీల్దా శిఖరం. ఇంట్లో మనిషికి ₹1,200, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, ఎన్నిసార్లయినా టీ. మట్టిగోడలు మూరెడు మందం. కింద పశువులు, పైన మనుషులు. మధ్య గదిలో ఇనప పొయ్యి, దాని చుట్టూ పరుపులు. హీటరుకి ₹500 ఇవ్వని మేం ఆ పొయ్యి పక్కన స్వెటర్లు తీసేసి కూర్చున్నాం.

రాత్రి థుక్పా (నూడుల్స్ సూపు) పెట్టారు, తర్వాత ఆవిరి మీద వండిన తింగ్‌మో రొట్టె, బంగాళాదుంప కూర. అన్నం కూడా వండారు, కుక్కర్లోనే. ఆ ఎత్తులో నీళ్ళు 85 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో బియ్యం ఉడకదు. మా మరదలు ఆ ఇంటావిడకి కందిపొడి రుచి చూపించింది. ఆవిడ అన్నంలో కాకుండా వెన్న టీలో కలిపి తాగింది, బార్లీ పిండి కలిపినట్టు. బాగుందట! ఉప్పు వేసిన వెన్న టీ మాకు అలవాటవలేదు. ఎవరైనా అద్భుతం అంటే నమ్మకండి.

మరుగుదొడ్డి గురించి చెప్పకపోతే తప్పు. పై అంతస్తులో మట్టినేల మీద రంధ్రం, పక్కన మట్టి, బూడిద, పార. నీళ్ళు ఉండవు. కిందపడింది ఎండి, వసంతంలో చేలకి ఎరువుగా వెళ్తుంది. మరదలు తను రానని భీష్మించుకుంది. పొద్దునకల్లా కాజా బాత్రూం కంటే ఇదే నయం, వాసనైనా లేదు అంది. పిల్లలతోనో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతోనో వెళ్తే మాత్రం ముందే అడిగి కమోడ్ ఉన్న ఇల్లు చూసుకోండి. ఈ ఎత్తులో మొదటి రాత్రే పడుకోవడం కూడా మంచిది కాదు. కాజాలోనో తాబోలోనో నిద్రచేసి రావాలి.

ఊళ్ళో పిల్లలు చుట్టలు తిరిగిన నల్లరాళ్ళు అమ్మడానికి వస్తారు. అమ్మొనైట్ శిలాజాలు. హిమాలయాలు లేవకముందు ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేది, అందులోని జీవులివి. పద్నాలుగు వేల అడుగుల పైన నత్తలాంటి సముద్రజీవిని చేతిలో పట్టుకోవడం ఒక వింతే. చూడండి, కొనకండి. వచ్చినవాళ్ళంతా తలా ఒకటి బ్యాగులో వేసుకుంటే కొండ మీద ఏమీ మిగలదు.

లాంగ్జా నుంచి హిక్కిమ్, కోమిక్ చూసి వచ్చాం. హిక్కిమ్‌లో 14,567 అడుగుల ఎత్తున 1983 నుంచి నడుస్తున్న పోస్టాఫీసు ఉంది. పోస్టుకార్డు, స్టాంపు కలిపి ₹50 తీసుకున్నారు పక్క దుకాణంలో. మన దగ్గర నుంచే కార్డులు తీసుకెళ్తే చౌక. కోమిక్‌లో తోడల్లుడికి తలనొప్పి, విసుగు. ఆరామం మెట్ల దగ్గరే కూర్చుండిపోయాడు. బండి వెళ్ళే రోడ్డున్న ఊళ్ళల్లో ప్రపంచంలోనే ఎత్తైనది అనే బోర్డు కింద ఫోటోకి క్యూ ఉంది, మేం నిలబడలేదు.

కీ ఆరామం ఫోటోల్లో చూసిందే, కానీ లోపల పాత వంటింట్లో కుర్ర లామా ఇచ్చిన మూలికల టీ ఫోటోల్లో రాదు. డబ్బులు తీసుకోలేదు. కిబ్బర్ దాటాక చిచమ్ వంతెన, 2017లో తెరిచారు. అంతకుముందు ఊరివాళ్ళు తీగ మీద వేలాడే తొట్టిలో కూర్చుని ఆ లోయ దాటేవారు. వంతెన మధ్యలో నిలబడి కిందికి చూశాక ఆ తొట్టి ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

చంద్రతాల్ దగ్గర ఏజెంటు ఇంకోసారి దొరికిపోయాడు. "లేక్ సైడ్ టెంట్" అని రాశాడు. అది రామ్‌సర్ జాబితాలో (కాపాడాల్సిన చిత్తడినేలల అంతర్జాతీయ జాబితా) ఉన్న సరస్సు, ఒడ్డున టెంట్లు వేయనివ్వరు. క్యాంపులన్నీ కొన్ని కిలోమీటర్ల ఇవతలే. మనిషికి ₹3,800 వేసిన చోట నేరుగా వచ్చినవాళ్ళు ₹2,000 కట్టారు. సరస్సుకి మాత్రం వంక పెట్టలేను. మధ్యాహ్నం నీలం, సాయంత్రం ఆకుపచ్చ. చుట్టూ తిరగడానికి ఓపిక ఉండాలి, మా ఆవిడా నేనూ తిరిగాం, వాళ్ళిద్దరూ కారులో కూర్చున్నారు.

అక్కడి నుంచి బాతల్ మీదుగా గ్రాంఫూ దాకా రోడ్డు కాదు, రాళ్ళు. బాతల్ ధాబాలో రాజ్మా చావల్ ₹150, ఈ ప్రయాణంలో బయట తిన్న భోజనాల్లో అదే మేలు. తర్వాత అటల్ టన్నెల్, మనాలి, చండీగఢ్.

వెళ్ళేవాళ్ళు ఇలా చేయండి. చండీగఢ్‌లోనో సిమ్లాలోనో కారు మాత్రం మాట్లాడుకోండి. మాకు విడిగా చెప్పిన రేటు డ్రైవరు బత్తాతో సహా రోజుకి ₹4,500. గదులు అక్కడికి వెళ్ళి చూసుకోండి. సెప్టెంబరులో ఎక్కడా ఖాళీ లేదనలేదు. నగదు సిమ్లాలోనే తీసి పెట్టుకోండి, కాజా ఏటీఎంలో డబ్బులుంటాయన్న నమ్మకం లేదు. ఇలా వెళ్తే నలుగురికి నా లెక్కలో ₹95,000 దాటదు. మేం ఇచ్చింది ₹1,54,000.

తిరిగొచ్చాక లెక్కంతా కాగితం మీద రాసి ఏజెంటుకి పంపాను. ₹12,000 వెనక్కిస్తానన్నాడు. నెల దాటింది. మా తోడల్లుడు ఈమధ్య మా ఇంటికి వస్తే అమరావతి వెళ్ళొచ్చానని చెబుతున్నాడు గానీ ఆ డబ్బుల ఊసెత్తడం లేదు.